చలికి తట్టుకునే కూరగాయ రకాన్ని సొంతంగా తయారు చేసుకోవడం ఎలా: జన్యువు నుంచి విత్తనం దాకా

"చలికి తట్టుకునే టమాటా విత్తనం ఉందా?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే. ఏ చలికి, ఏ వయసులో? విసుగు తెప్పించే ప్రశ్నే, కానీ దానికి జవాబు తేల్చుకోకుండా సంకరాలు మొదలుపెట్టి నేను రెండు సీజన్లు పోగొట్టుకున్నాను. చల్లటి మట్టిలో అన్నిటికంటే ముందు మొలిచిన మొక్కల్నే ఏరి ఏరి పెంచాను, తీరా పూత దశలో చలి తగిలేసరికి అవి కూడా మిగతా వాటిలాగే పూలు రాల్చేసుకుని కూర్చున్నాయి. మొలక ఓపిక వేరు, వేరు ఓపిక వేరు, పువ్వు ఓపిక వేరు, వాటి వెనకున్న జన్యువులు కూడా చాలావరకు వేరే. టమాటాలో చలిలో మొలకెత్తే గుణానికీ, చలిలో మొక్క ఎదిగే గుణానికీ పెద్దగా సంబంధం లేదని పరిశోధకులు ఎప్పుడో చూపించారు, నేనే ఆలస్యంగా చదివాను.

ఈ పనికి ల్యాబ్ అక్కర్లేదు. నమ్మదగ్గ థర్మామీటర్లు నాలుగు, చలి సెట్ చేసుకోగలిగే పాత ఫ్రిజ్ ఒకటి, నీళ్ల వాహకత చూపించే చిన్న మీటర్, చిన్న చిమటా, లేబుళ్లు, ఒక నోట్‌బుక్ చాలు. ఐదారు తరాలు ఆగే ఓపిక మాత్రం మీ దగ్గరే ఉండాలి.

మెట్టు 1: మీ చలి ఏ రకమో తేల్చుకోండి

సున్నా డిగ్రీలకు పైన, సుమారు 12 లోపు ఉండే చలి ఒక రకం. గడ్డకట్టే చలి ఇంకో రకం. టమాటా, వంగ, మిరప, దోస, బీన్స్ లాంటి వేడి ప్రాంతాల పంటలు మొదటి దానికే డీలా పడిపోతాయి. మంచు గడ్డ కట్టకుండానే వాటి ఆకులు వాడతాయి, మచ్చలు పడతాయి, పుప్పొడి పనికిరాకుండా పోతుంది. క్యాబేజీ, పాలకూర, బఠాణీ, క్యారెట్, వెల్లుల్లి వంటివి ఆ చలిని లెక్కే చెయ్యవు, వాటి పోరాటం సున్నాకి కిందనే.

గడ్డకట్టే చలిలో మొక్కను చంపేది మంచు ముక్కలు కణాలను చీల్చడం అనుకుంటారు చాలామంది. మామూలుగా మంచు ముందు కణాల బయటి సందుల్లో పుడుతుంది, అది లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. అంటే మొక్క చచ్చేది ఒక రకంగా దాహంతో. అందుకే గడ్డకట్టే చలికి తట్టుకునే జన్యువులు, కరవుకు తట్టుకునే జన్యువులు చాలాచోట్ల ఒకటే అవుతాయి.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకే ఒక్క వాక్యం రాయండి. "రాత్రి 8 డిగ్రీలకు పడిపోయినా కాయ కట్టే టమాటా" లేదా "మైనస్ 6 తర్వాత కూడా కొత్త ఆకు వేసే పాలకూర", అలా. పంట, దశ, డిగ్రీ, ఈ మూడూ అందులో ఉండాలి. ఇక చేసే ప్రతి పరీక్షా ఆ వాక్యానికే జవాబు చెప్పాలి.

మెట్టు 2: లోపల ఏ జన్యువులు పని చేస్తాయో కొంచెం తెలుసుకోండి

మొదటిది కణపొర. అది కొవ్వులతో అల్లిన పొర. చలికి వెన్న గట్టిపడుతుంది, నూనె జారుతూనే ఉంటుంది కదా, తేడా వాటిలోని కొవ్వు ఆమ్లాల్లో ఉంది. అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువున్న కణపొర చలిలో కూడా మెత్తగా ఉంటుంది, తక్కువున్నది బిగుసుకుపోయి లోపలి లవణాలను బయటికి వదిలేస్తుంది. ఈ కారడాన్నే తర్వాత మీటర్‌తో కొలుస్తాం.

రెండోది అలారం వ్యవస్థ. ఆవాల కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలో దీన్ని బాగా అర్థం చేసుకున్నారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ థోమాషో బృందం 1997లో సీబీఎఫ్1 అనే జన్యువును పట్టుకుంది. చలి తగిలిన 15 నిమిషాల్లోపే సీబీఎఫ్ జన్యువులు మేల్కొంటాయి, కొన్ని గంటల్లో అవి ఇంకా ఎన్నో జన్యువులను నిద్ర లేపుతాయి, చక్కెరలు పోగవుతాయి, రక్షణ ప్రోటీన్లు తయారవుతాయి. క్యాబేజీ లాంటి మొక్కను 2 నుంచి 5 డిగ్రీల మధ్య ఒకటి రెండు వారాలు ఉంచితే రాటుదేలి ఇంకా లోతైన చలిని తట్టుకునేది ఇందువల్లే. చలి తగిలాక క్యారెట్, కేల్ తియ్యగా ఉండటం కూడా ఈ చక్కెరల పుణ్యమే.

మరి టమాటాకి సీబీఎఫ్ లేదా అంటే, ఉంది. మూడున్నాయి, ఒకదాని పక్కన ఒకటి. టమాటా సీబీఎఫ్1ను అరబిడాప్సిస్‌లో పెట్టి ఎక్కువగా పనిచేయిస్తే ఆ మొక్క గడ్డకట్టే చలికి బలపడింది కూడా. అదే జన్యువును టమాటాలోనే ఎక్కువ చేస్తే పెద్దగా ఒరిగిందేమీ లేదు. గంట బాగానే మోగుతోంది, ఆ ఊళ్లో లేచి పరిగెత్తేవాళ్లే తక్కువ. ఒక్క జన్యువుతో చలి సమస్య తీరిపోతుందని ఎవరైనా చెబితే ఈ సంగతి గుర్తు చేసుకోండి. పైగా సీబీఎఫ్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే మొక్క గిడసబారిపోతుంది, పూత ఆలస్యమవుతుంది. చలి భద్రతకు మొక్క ఎదుగుదలతో మూల్యం చెల్లిస్తుంది.

చేప జన్యువు టమాటా గురించి ఎక్కడో విని ఉంటారు. 1990ల మొదట్లో వింటర్ ఫ్లౌండర్ అనే చేప నుంచి గడ్డకట్టకుండా కాపాడే ప్రోటీన్ జన్యువును టమాటాలో పెట్టి చూసిన మాట నిజమే, అది మార్కెట్లోకి ఎప్పుడూ రాలేదు. కూరగాయల్లో చలి గుణం గురించి మాట్లాడితే ఇప్పటికీ ముందు ఆ చేపే ఈదుకుంటూ వస్తుంది.

బంగాళాదుంప కథ మాత్రం బాగా పనికొస్తుంది. సాగు బంగాళాదుంప మైనస్ 3 దగ్గరే ఆకులు నల్లబడి పడిపోతుంది, ముందు చలి చూపించినా రాటుదేలదు. దాని అడవి చుట్టం సోలానమ్ కమ్మర్సోనీ అలవాటు పడకముందే మైనస్ 4, 5 దాకా తట్టుకుంటుంది, అలవాటు పడితే ఇంకా చాలా కిందికి పోతుంది. 1993లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని ఇంకో అడవి జాతితో కలిపి చూసి, సహజంగా తట్టుకునే శక్తి, చలికి అలవాటుపడే శక్తి రెండూ వేర్వేరుగా వారసత్వంలో వస్తాయని చూపించింది. అంటే మీరు రెండు పరీక్షలు పెట్టాలి, ముందు చలి చూపించకుండా ఒకటి, చూపించి ఒకటి. రెండూ కలిపేస్తే ఏ మొక్క ఎందుకు గెలిచిందో తెలియదు.

మెట్టు 3: తల్లిదండ్రుల్ని వెతకండి

ఒక తల్లి మీరు ఇష్టంగా పండించే రకం, ఇంకొకటి చలి గుణం ఉన్నది. రెండోది వీలైనంత వరకు సాగు రకమే అయితే పని సగం తగ్గుతుంది. చల్లటి దేశాల పొట్టి కాలపు టమాటాలు, సబ్ ఆర్కిటిక్ ప్లెంటీ, స్టూపిస్ లాంటివి, మొదలుపెట్టడానికి బాగుంటాయి. కాకపోతే వీటిలో కొన్ని చలిని తట్టుకుంటాయా, లేక త్వరగా కాసేసి చలి నుంచి తప్పించుకుంటాయా అన్నది మీ పరీక్షే చెప్పాలి.

తప్పించుకోవడం అన్నానని తక్కువ చేయడం లేదు. చలికాలపు బఠాణీల్లో హెచ్ఆర్ అనే జన్యువు చేసేది అదే, పగటి పొద్దు పెరిగేదాకా పూమొగ్గ వేయకుండా ఆపుతుంది. మొగ్గ దశ బఠాణీకి చలిలో అన్నిటికంటే బలహీనమైన దశ, కాబట్టి అది రాకుండా ఉంటేనే సగం గెలిచినట్టు. క్యాబేజీ, బీట్‌రూట్ జాతుల్లో దీనికి తిరగబడ్డ సమస్య ఉంటుంది. బాగా ఎదిగిన మొక్కకు వారాల తరబడి చలి తగిలితే ఇక పూతకు వచ్చేస్తుంది. చలికి చావకుండా బతికి, వేడి రాగానే పూకాడ వేసేసిన క్యాబేజీ వల్ల మీకు ఒరిగేదేం లేదు, అందుకే బతికిందా లేదా అన్నదానితో పాటు పూకాడ ఎప్పుడు వేసిందో కూడా రాయండి.

అడవి జాతుల్లోకి వెళ్లే ధైర్యం ఉంటే, ఆండీస్ కొండల్లో ఎత్తున పెరిగే అడవి టమాటా సోలానమ్ హబ్రోకైటిస్ చూడండి. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో చార్లెస్ రిక్ పేరు మీదున్న టమాటా జన్యు వనరుల కేంద్రం ఇలాంటివి భద్రపరుస్తుంది. విదేశాల నుంచి విత్తనం తెప్పించుకోవాలంటే దిగుమతి, క్వారంటైన్ నిబంధనలు ముందే కనుక్కోండి.

దోసకాయకి మాత్రం ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. దానిలో నారు దశ చలి గుణంలో చాలా భాగం పత్రహరితం ఉండే క్లోరోప్లాస్ట్‌లోని డీఎన్ఏతో వస్తుంది, అది తల్లి నుంచే దిగుతుంది. చలికి గట్టి రకాన్ని తండ్రిగా వాడితే ఎన్ని తరాలు తిరిగినా ఆ భాగం మీకు రాదు. కాబట్టి దోసలో గట్టి రకం తల్లిగా ఉండాల్సిందే. తమాషా ఏంటంటే ఇదే దోసలో మైటోకాండ్రియా తండ్రి నుంచి వస్తుంది, మొక్కల్లో చాలా అరుదు ఇది. ఏ పంటలోనైనా సందేహంగా ఉంటే సంకరాన్ని రెండు వైపులా చేసి పిల్లల్ని పోల్చండి, తేడా కనబడితే తల్లి ప్రభావం ఉన్నట్టే.

మెట్టు 4: పరీక్షను ముందు తల్లిదండ్రుల మీద పెట్టండి

సంకరం చేయకముందే ఇది చేయాలి. పరీక్ష ఆ ఇద్దరి మధ్య తేడా చూపించలేకపోతే పిల్లల్లో ఏమీ చూపించలేదు. అన్నీ చచ్చే చలి, అన్నీ బతికే చలి, రెండూ వృథాయే. సుకుమారపు తల్లి దాదాపు మొత్తం పోయి, గట్టి తల్లి దాదాపు మొత్తం నిలిచే డిగ్రీ దొరికేదాకా వెతకండి. థర్మామీటర్ గది గోడకు కాదు, కుండీలో మట్టిలో ఒకటి, ఆకు ఎత్తులో ఒకటి పెట్టండి. ఫ్రిజ్‌లో పై అరకూ కింది అరకూ మధ్య తేడా మీ రెండు రకాల మధ్య తేడా కంటే ఎక్కువ ఉండొచ్చు, అందుకే కుండీలను రోజూ అటూ ఇటూ మార్చండి.

మొలక పరీక్ష సులువు. తడి కాగితంలో గింజలు చుట్టి ఒక చుట్ట 12 డిగ్రీల దగ్గర, ఇంకోటి 25 దగ్గర ఉంచండి. సగం గింజలు మొలవడానికి పట్టిన రోజులు రాసుకుని, చలి రోజుల్ని వేడి రోజులతో భాగించండి. ఉదాహరణకి ఒక రకానికి వేడిలో 3, చలిలో 12 రోజులు పడితే నిష్పత్తి 4, ఇంకోదానికి 5, 15 పడితే 3. చలిలో ముందు మొలిచింది మొదటిదే అయినా చలి వల్ల తక్కువ దెబ్బ తిన్నది రెండోది. నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది, కొత్త విత్తనం చురుకును చూసి చలి గుణం అనుకున్నాను. పోల్చే విత్తనాలన్నీ ఒకే సీజన్‌లో పండినవై ఉండాలి.

వేరు పరీక్ష నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే కళ్లముందే జరుగుతుంది. నాలుగైదు ఆకుల నారు ఉన్న కుండీలను ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఐస్ వేసిన నీళ్ల తొట్టిలో మట్టి 6 డిగ్రీలకు వచ్చేలా మెడ దాకా ముంచండి, పైన ఆకులకు మాత్రం వెచ్చటి గాలి, వెలుతురు. వేర్లు చల్లబడితే నీళ్లు పైకి పంపలేవు. సాగు టమాటా ఆకు రంధ్రాలు మూసుకోవాల్సినంతగా మూసుకోదు, రెండు గంటలు తిరక్కముందే ఆకులు తడిబట్టల్లా వేలాడతాయి. హబ్రోకైటిస్ రంధ్రాలు మూసేసుకుని నిటారుగా నిలబడుతుంది. ఈ గుణాన్ని తెచ్చే ముఖ్యమైన భాగం 9వ క్రోమోజోమ్ మీద ఉందని డేవిస్‌లో గుర్తించారు. ఇంత పెద్ద తేడా చూపించే ఒక్క చోటు దొరకడం చలి విషయంలో అరుదు.

గడ్డకట్టే చలికి ఆకు కారడాన్ని కొలవాలి. ఒకే వయసు ఆకుల నుంచి సమానమైన గుండ్రటి ముక్కలు తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, చిన్న గొట్టాల్లో వేసి, చల్లదనాన్ని గంటకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున మాత్రమే దించండి. మైనస్ 2 దగ్గర ప్రతి గొట్టంలో చిటికెడు ఐస్ వేయడం మర్చిపోకండి. ఐస్ పుట్టడానికి ఆధారం లేకపోతే నీరు సున్నా కింద కూడా ద్రవంగానే ఉండిపోతుంది, అప్పుడు మైనస్ 4 దగ్గర "బతికిన" ఆకు నిజానికి గడ్డే కట్టలేదన్నమాట. పొలంలో ఈ ఆధారం ఇచ్చేది చాలాసార్లు ఆకుల మీదుండే సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా. ఆ శక్తి తీసేసిన బ్యాక్టీరియాను 1987లో కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ, బంగాళాదుంప మడుల మీద చల్లి కూడా చూశారు. సరే, అనుకున్న డిగ్రీకి చేరాక గొట్టాలను తీసి 4 డిగ్రీల్లో రాత్రంతా కరగనిచ్చి, కొలిచిన డిస్టిల్డ్ వాటర్ పోసి ఒక రోజు ఉంచి మీటర్ పెట్టండి. తర్వాత అదే గొట్టాన్ని మరిగించి, చల్లారాక మళ్లీ చూడండి. మొదటిది 120, రెండోది 400 వస్తే కారడం 30 శాతం. కారడం 50 శాతం దాటే డిగ్రీ ఎంత కిందుంటే ఆ మొక్క అంత గట్టిది.

చలిలో ఉన్నప్పుడు మొక్క బాగానే కనిపిస్తుంది, వేడిలోకి తెచ్చాక ఒకటి రెండు రోజులకు అసలు దెబ్బ బయటపడుతుంది. మార్కులు అప్పుడే వేయండి. చలితో పాటు గట్టి వెలుతురు ఉంటే దెబ్బ రెట్టింపవుతుంది కాబట్టి, లైటు కూడా ప్రతిసారీ ఒకేలా ఉంచండి.

మెట్టు 5: సంకరం

టమాటాలో రేపు విచ్చుకోబోయే మొగ్గను, రేకులు లేత పసుపులోకి తిరుగుతున్నప్పుడు పట్టుకోండి. చిమటాతో పసుపు గొట్టంలా ఉన్న కేసరాల్ని మొత్తం తీసేయండి, మధ్యలో ఆకుపచ్చ అండాశయం, దాని మీద సన్నటి కీలం మాత్రమే మిగలాలి. తండ్రి రకం విచ్చుకున్న పువ్వును కంపించేలా తట్టి పుప్పొడిని గాజు పలక మీద రాల్చి, కీలం కొనను అందులో అద్దండి, మర్నాడు ఇంకోసారి. రక్షక పత్రాలు రెండు కత్తిరిస్తే లేబుల్ ఊడిపోయినా కాయను గుర్తుపట్టొచ్చు. హబ్రోకైటిస్‌తో అయితే సాగు టమాటానే తల్లిగా పెట్టండి, తిప్పి చేస్తే కాయ పట్టదు. తర్వాతి తరంలో సాగు రకంతో మళ్లీ కలిపేటప్పుడు కూడా సంకర మొక్కను తండ్రిగా వాడటమే మేలు.

మొదటి తరం, అంటే ఎఫ్1, చలి పరీక్షలో నిరాశపరిస్తే దాన్ని పారేయకండి. చలిలో కాయ కట్టే గుణం ఇచ్చే ప్యాట్-2 అనే జన్యువునే చూడండి, రష్యన్ రకం సెవెర్యానిన్ నుంచి వచ్చింది. పుప్పొడి పనిచేయని చలిలో గింజ లేకుండానే కాయ కట్టిస్తుంది. కానీ అది అణగి ఉండే రకం, రెండు కాపీలూ ఉంటేనే పైకి కనబడుతుంది. ఎఫ్1లో కనబడదు, ఎఫ్1 మొక్క తనలో తానే కట్టిన గింజల నుంచి వచ్చే రెండో తరం, అంటే ఎఫ్2లో, నాలుగింట ఒక మొక్కలో బయటికొస్తుంది.

మెట్టు 6: ఎఫ్2లో ఎన్ని మొక్కలు?

చాలామంది ఇక్కడే తక్కువ చేసి ఓడిపోతారు. ఇలా అణగి ఉండే జన్యువు ఒక్కటే కావాలంటే, కావలసిన మొక్క కనీసం ఒకటైనా దొరికే అవకాశం 95 శాతం ఉండాలంటే 11 మొక్కలు చాలు. రెండు కావాలంటే 47. మూడు కావాలంటే 191. అది కూడా చలి గుణం మాత్రమే, రుచీ దిగుబడీ లెక్కలోకి రాలేదు. ఐదారు జన్యువులు ఒకేసారి పట్టాలనే ఆశ వదులుకోండి, ఒకటి రెండు పెద్ద ప్రభావాలను పట్టుకుని మిగతావి తరాల వెంట మెల్లగా పోగుచేసుకోవడమే దారి.

ఎఫ్2లో ప్రతి మొక్కా ఒంటరిది, దానికి జంట లేదు, పరీక్షలో చచ్చిపోతే విత్తనం కూడా పోయింది. టమాటాలో దీనికి చక్కటి ఉపాయం ఉంది. ప్రతి మొక్క నుంచి రెండు మూడు పక్క కొమ్మలు తుంచి వేళ్లు పట్టించి, ఆ కొమ్మలకు చలి పరీక్ష పెట్టండి, తల్లి మొక్క వెచ్చగా కూర్చుని కాస్తూ ఉంటుంది. కొమ్మలు వేయని పంటల్లో ఆకు ముక్కల కారడమే దిక్కు. పక్కనే ఇద్దరు తల్లిదండ్రుల్నీ, ఎఫ్1నీ ప్రతి పరీక్షలో పెట్టండి, లేకపోతే ఆ రోజు ఫ్రిజ్ చేసిన అల్లరి మీ మొక్కల గుణంగా కనబడుతుంది.

మెట్టు 7: నిలబెట్టడం

పైనున్న పది శాతం మొక్కల్ని ఏరి, వాటి గింజల్ని విడివిడిగా ఎఫ్3 కుటుంబాలుగా వేయండి. అసలు తీర్పు ఇక్కడే వస్తుంది. ఎఫ్2లో ఒక మొక్క గెలవడం అదృష్టం కావచ్చు, ఎఫ్3లో దాని పదిహేను మంది పిల్లల సగటు బాగుంటే అది జన్యువే. స్వయంగా గింజ కట్టే పంటల్లో కలగలుపు, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చిన రెండు కాపీలూ వేర్వేరుగా ఉన్న జన్యువుల వాటా, ప్రతి తరానికీ సగం అవుతుంది, ఎఫ్2లో 50 శాతం, ఎఫ్3లో 25, ఎఫ్4లో 12.5, ఎఫ్6కి వచ్చేసరికి దాదాపు 3. క్యాబేజీ, పాలకూర లాంటి పరపరాగ పంటల్లో ఇలా ఒకే మొక్క వెంట పడితే బలం తగ్గిపోతుంది, అక్కడ గెలిచిన మొక్కల్ని డజన్లలో కలిపి వాటి మధ్యే పరాగం కలవనివ్వండి.

కావలసిన జన్యు ముక్క ఏ మొక్కలో ఉందో డీఎన్ఏలోని గుర్తుల్ని బట్టి చెప్పే మార్కర్ పరీక్ష చేయించుకునే వీలుంటే 9వ క్రోమోజోమ్ లాంటి ఒక్క పెద్ద చోటు కోసం వాడండి. అడవి జాతి నుంచి వచ్చిన ముక్కలో చలి గుణంతో పాటు పనికిరాని గుణాలు కూడా అంటుకుని వస్తాయి, ఆ ముక్కను కత్తిరించి చిన్నది చేయడానికి మార్కర్ బాగా సాయపడుతుంది. జీన్ ఎడిటింగ్ ఇంట్లో చేసే పని కాదు. టమాటాలో సీబీఎఫ్1ను అలా తీసేస్తే మొక్క చలికి ఇంకా సుకుమారమైంది, అంటే ఆ జన్యువు అవసరమని తేలింది, అదొక్కటే చాలని కాదు.

ప్యాట్-2 వెంట పడ్డవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చలిలో మీకు గర్వంగా కనబడే ఆ కాయల్లో గింజలు ఉండవు, మొదటిసారి నేను అలాంటి కాయలు ఎనిమిది కోసి చూసి తెల్లబోయాను. అదే మొక్కను ఇంకొన్ని వారాలు కాపాడి, రాత్రులు 15 డిగ్రీలు దాటాక వచ్చిన పూలకు కట్టిన కాయల నుంచి గింజ తీయండి. కవర్ మీద తరం సంఖ్య, తల్లి, తండ్రి, ఏ డిగ్రీలో ఎన్ని రోజులు పరీక్షించారో రాసి, బాగా ఎండబెట్టి, సగం గింజల్ని వేరే డబ్బాలో దాచండి. వచ్చే సీజన్‌లో ఏదైనా బెడిసికొడితే మళ్లీ మొదలుపెట్టడానికి ఆ సగమే ఉంటుంది.